పీటీ2399 ఎకో కిట్టు: భజన మైకుసెట్టుకు కొనొచ్చా?

కొనొచ్చు. కానీ సంచిలో వచ్చినవన్నీ వచ్చినట్టే అతికించేస్తే పందిట్లో పరువు పోతుంది. రెగ్యులేటరుకు (వోల్టేజీని స్థిరంగా ఉంచే భాగం) వెళ్లే కరెంటు, డిలే (ఎకో ఎంత ఆలస్యంగా రావాలో తేల్చే) కంట్రోలు, ఐసీ (చిప్పు) సాకెట్టు, ఈ మూడూ మార్చాకే పెట్టెలో బిగించాలి.

కిట్టులో ఒక పీసీబీ (భాగాలు అతికించే బోర్డు), ఎకో పుట్టించే పదహారు కాళ్ల పీటీ2399 చిప్పు, రెగ్యులేటరు, మూడు కంట్రోళ్లు, గుప్పెడు కెపాసిటర్లు, రెసిస్టర్లు ఉంటాయి. చిప్పు తైవాన్‌లోని ప్రిన్స్‌టన్ టెక్నాలజీది. కరోకే మెషిన్లలోనూ గిటార్ పెడళ్లలోనూ ఉండేది ఇదే. అతికించి సిద్ధంగా అమ్మే బోర్డుకన్నా విడి కిట్టే మేలు. సిద్ధం బోర్డులో చిప్పును నేరుగా టంకం పెట్టేస్తారు, అది పోతే ఊడదీసేటప్పుడు రాగి పట్టీలు కూడా లేచొస్తాయి. పదహారు కాళ్ల సాకెట్టు కిట్టులో లేకపోతే విడిగా కొని వేయండి.

ముందు కరెంటు సంగతి. చిప్పుకు కావలసింది 5 వోల్టులు, 6 దాటితే పోయినట్టే. కిట్టుతో ఇచ్చే కాగితం 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు చాలంటుంది. లైను 230 ఉన్నంతసేపు చాలు. భీమవరం, ఉండి వైపు రాత్రిపూట రొయ్యల చెరువుల ఏరేటర్లన్నీ (నీటికి గాలి పట్టించే మోటార్లు) ఒకేసారి తిరుగుతుంటే లైను పడిపోతుంది. అది 150కి వచ్చిందంటే డయోడ్లు దాటాక మిగిలేది 7 వోల్టుల లోపే. అక్కడ 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటరు పట్టు తప్పుతుంది, స్పీకర్లో గుయ్యిమని హమ్ మొదలవుతుంది. ఎర్తు వైర్లు ఎంత వెతికినా ఆ హమ్ పోదు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు వేస్తే అదే 150 దగ్గర కూడా 9 వోల్టుల పైనే అందుతుంది. దాంతోపాటు కిట్టులోని 16 వోల్టుల ఫిల్టరు కెపాసిటరు తీసేసి 1000 మైక్రోఫారడ్, 25 వోల్టులది తప్పకుండా వేయాలి. లైను బాగున్నప్పుడు అక్కడ 16 దగ్గరికి వస్తుంది, పాతది ఉబ్బిపోతుంది. చిప్పు తాగేది పదుల మిల్లీఆంపులే కాబట్టి హీట్‌సింకు అక్కర్లేదు.

కొన్ని సంచుల్లో 7805కి బదులు బుల్లి 78ఎల్05 వస్తుంది. దాని కాళ్ల వరస తిరగబడి ఉంటుంది: చదును ముఖం మనవైపు పెట్టి చూస్తే ఎడమకాలు అవుట్‌పుట్. 7805 అనుకుని బిగిస్తే చిప్పు మొదటి స్విచ్చుకే పోతుంది. అందుకే చిప్పు పెట్టకముందే సాకెట్టు ఒకటో కాలు దగ్గర మీటరు పెట్టి 5 వోల్టులు చూసుకోవాలి.

ఇక డిలే. ఆరో కాలు నుంచి గ్రౌండుకు ఉండే రెసిస్టెన్సే ఆలస్యాన్ని నిర్ణయిస్తుంది: 5.4 కిలో ఓములకు సుమారు 92 మిల్లీసెకన్లు, 10.5కి 151, 27.6కి 342. కిట్టులో 50 కిలో కంట్రోలు ఇస్తారు, అది అనవసరం. చిప్పు లోపల మెమరీ 44 కిలోబిట్లే. ఆలస్యం పెంచినకొద్దీ క్లాకు (చిప్పు పనిచేసే వేగం) నెమ్మదిస్తుంది, బుసబుస పెరుగుతుంది. ఇంకో చిక్కు: కంట్రోలును సున్నాకు తిప్పి స్విచ్చు వేస్తే చిప్పు బిగుసుకుపోయి ఎకో అసలు రాదు. 22 కిలో కంట్రోలు వేసి, దానికి వరసలో 2.2 కిలో రెసిస్టరు కలిపితే రెండు బాధలూ తీరతాయి. అప్పుడు సుమారు 55 నుంచి 305 మిల్లీసెకన్ల వరకు దొరుకుతుంది. హరికథకు 120–150 మధ్య ఉంచితే మాట చెదరదు. నిమిషానికి 100 దెబ్బల నడకలో సాగే భజనకు 300 పెడితే, ఎకో సరిగ్గా రెండు తాళం దెబ్బల నడిమధ్య పడుతుంది. అలా కుదిరినప్పుడు వినడానికి ఎంతో హాయి.

గొంతు వస్తూ ఎకో రాకపోతే రెండో కాలు చూడండి, అక్కడ 2.5 వోల్టులు ఉండాలి. లేకపోతే దాని పక్కనున్న 47 మైక్రోఫారడ్ కెపాసిటరు తిరగబడి ఉంటుంది, లేదా చిప్పే పోయి ఉంటుంది. ఎకో మాత్రమే చిట్లినట్టు వినిపిస్తే ఏడు, ఎనిమిది కాళ్ల కెపాసిటర్లు చూడండి. అవి 104 (0.1 మైక్రోఫారడ్) అయి ఉండాలి, సంచిలో 103లు (0.01) కలిసిపోతుంటాయి. రిపీట్ (ఎకో ఎన్నిసార్లు తిరిగి రావాలో తేల్చే) కంట్రోలు పూర్తిగా తిప్పగానే కూత పెడితే ఆ వైరులో 10 కిలో రెసిస్టరు వేయాలి. మైకును నేరుగా దీనికి తగిలించకండి, చప్పుడు పీలగా వస్తుంది. మిక్సరు ఆక్స్ సెండ్‌కూ (గొంతును బయటికి పంపే సాకెట్టు) రిటర్న్‌కూ (తిరిగి తీసుకునే సాకెట్టు) మధ్య దీని చోటు.

అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండానే టంకం చుట్టూ పచ్చగా చిలుము పడుతుంది. టంకం పెట్టాక మిగిలే ఫ్లక్సును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, ఆరాక సాకెట్టు, కంట్రోళ్ల మీద పడకుండా పీసీబీ వార్నిషు ఒక పూత పూయాలి.