వాలిన గుల్మొహర్‌ను కొట్టిన జట్టు: మా అనుభవం

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా ఇంటి గుల్మొహర్ పక్కింటి మేడ మీదికి వాలిపోయింది. దాన్ని తీయించడానికి అల్వాల్ వైపు నుంచి ఒక జట్టును పిలిచాం. చెట్టెక్కే మేస్త్రీ ఒకాయన, కింద తాళ్లు పట్టేవాళ్లు ముగ్గురు. బోర్డు, ఆఫీసు ఏమీ లేవు. 22 వేలు తీసుకున్నారు. అంతకుముందు వచ్చి చూసినవాళ్లు 9 వేలకే చేస్తామన్నారు. ఎక్కువ ఇచ్చి వీళ్లనే ఎందుకు పెట్టుకున్నామని కాలనీలో అందరూ అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

9 వేల వాళ్లు గేటు దగ్గర నిలబడే చెట్టంతా చూసేశారు. మా వైపు చేతికందే కొమ్మలు ముందు కొట్టేసి, తర్వాత అటువైపు చూస్తామన్నారు. నాకు గుండె జారింది. నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. వాలిన చెట్టుకు వాలని వైపున్న కొమ్మలే కాస్త ఎదురు బరువు. వాటిని ముందు తీసేస్తే చెట్టు ఇంకా అటే ఒరుగుతుంది. అప్పుడు దాని మీద ఒక మనిషి ఉంటాడు.

ఈ మేస్త్రీ రాగానే చెట్టు పైకి చూడలేదు, మొదలు చుట్టూ తిరిగాడు. వాలిన వైపుకు సరిగ్గా వెనక మట్టి ఉబ్బి, పక్కనున్న బండలు పగిలి లేచాయి. ఆ పక్కనే కొన్నేళ్ల కింద మురుగు పైపు కోసం కందకం తవ్వారు. చెట్టును వెనక్కి పట్టి ఉంచే వేళ్లు అప్పుడే తెగాయి. ఏళ్ల తరబడి వంగి పెరిగిన చెట్టయితే కొస మళ్లీ నిటారుగా పైకి తిరుగుతుంది. మాది కొసతో సహా ఒక్క తీరుగా పక్కకు ఒరిగి ఉంది. అంటే ఇది ఈ మధ్యే, వేళ్ల దగ్గర నుంచి కదిలింది. చెక్క సుత్తితో మొద్దు చుట్టూ కొట్టి బోలు చప్పుడు వస్తుందేమో విన్నాడు. మొద్దు గట్టిగానే ఉంది.

"గీ చెట్టును నమ్మి నేను వేలాడనమ్మా. మీ వేపకు కట్టుకుంట" అన్నాడు.

నేను డబ్బిచ్చింది ఈ మాటకే. మా వేప దీనికంటే ఎత్తు, ఆరోగ్యంగా ఉంది. తన ప్రాణం నిలిపే తాడు దాని పై కొమ్మకు వేసుకున్నాడు. గుల్మొహర్ ఇంకా ఒరగకుండా మోకుతో వెనక్కి లాగి కానుగ మొదలుకు బిగించారు. కొమ్మలు దింపే గిలక వేపకే కట్టారు కానీ, మేస్త్రీ వేలాడే కొమ్మకు కాదు, ఇంకో కొమ్మకు. ఇదంతా అయ్యేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఒక్క రెమ్మ కూడా తెగలేదు. మా ఆయన విసుక్కున్నారు. నాకు మాత్రం అప్పటికే ధైర్యం వచ్చింది.

పైన ఆయన పని చూడటం నాకు పాఠంలా ఉంది. వాలిన మాను పైవైపు నుంచే ఎక్కాడు, కడుపు వైపుకు ఒక్కసారి కూడా రాలేదు. రంపం ఆన్ చేసే ప్రతిసారీ వేప తాడుతో పాటు నడుం పట్టీ కూడా తగిలించుకున్నాడు. ఆ పట్టీ లోపల ఉక్కు తీగ ఉంటుంది. రంపం జారి తగిలితే మామూలు తాడు తెగినంత తేలిగ్గా తెగదు. ముందు పక్కింటి వైపు కొసలు తీశాడు, చిన్న చిన్న ముక్కలుగా. పెద్ద ముక్కలైతే తొందరగా అయిపోతుంది కదా అని అడిగాను. గిలకకు కట్టిన కొమ్మ మీద ముక్క బరువుకు దాదాపు రెండింతలు పడుతుందని, కాస్త జారి ఆగితే కుదుపుకు అంతకంటే ఎక్కువని చెప్పాడు. కింద తాడు పట్టేవాడు వేప మొదలుకు మెలికలు చుట్టి, మెల్లగా వదులుతూ దించాడు. పక్కింటి సింటెక్స్ ట్యాంకుకు గీత కూడా పడలేదు.

చివరికి కొమ్మలన్నీ పోయి వాలిన మొద్దు మిగిలింది. అసలు ప్రమాదం ఇక్కడే. వాలిన మానులో పైవైపు కలప ఎప్పుడూ లాగబడి ఉంటుంది, కిందివైపు నొక్కుకుపోయి ఉంటుంది. వెడల్పాకు చెట్లు పైవైపు ప్రత్యేకంగా టెన్షన్ వుడ్ అనే కలప పెంచుకుంటాయని క్లాసులో బొమ్మ గీసి చెప్పేదాన్ని. అలాంటి మానును వెనక నుంచి మామూలుగా కోస్తూ పోతే, కోత సగంలో ఉండగానే నిలువునా చీలి, చీలిన ముక్క వెనక్కి ఎగిరి కోసేవాడి ముఖానికే తగలొచ్చు. చెట్టుకు కట్టుకుని ఉన్న మనిషైతే తప్పుకునే దారే ఉండదు. మేస్త్రీ నేల మీదికి దిగి, కోయబోయే చోటుకు కాస్త పైన గొలుసు చుట్టి బిగించాడు. వాలిన వైపు చిన్న గాటు పెట్టాడు. తర్వాత రంపం కొసను మాను మధ్యలోకి పొడిచి, గాటు పక్కన కొంత, వెనక వైపు పట్టీలా కొంత కలప వదిలేసి మధ్యలో కోశాడు. అందరినీ దూరం పంపి, తను పక్కకు నిలబడి ఆ వెనక పట్టీ తెంపాడు. మాను ఒక్కసారిగా, చీలకుండా, మా ఆవరణలోనే పడింది.

బాగోని సంగతులూ చెప్పాలి. కింద రంపం పట్టిన కుర్రాడు చెప్పులతో ఉన్నాడు. ఇంకొకడు హెల్మెట్ తీసి పిట్టగోడ మీద పెట్టి కొమ్మ కిందకే వెళ్లాడు. గట్టిగా అరిచాను. మేస్త్రీ పని ఆపి అతన్ని తిట్టాడు, అది మెచ్చుకోవాలి. కానీ పైన అంత జాగ్రత్త ఉన్న జట్టు కింద ఇలా ఉండకూడదు. బూట్లు కొనమని చెప్పాను, మీరు పిలిచినా చెప్పండి. దుంగలు తీసుకెళ్లారు కానీ ఆకూ రెమ్మలూ గేటు ముందే వదిలేశారు, ఆటోకు విడిగా ఇచ్చుకున్నాం. మొద్దు మోకాలెత్తు ఉండిపోయింది, దాన్ని తవ్వే పని వీళ్లు చేయరు.

పిలిచే ముందు రెండు పనులు చేసుకోండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం, 2002 కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, కొన్ని జాతులకే మినహాయింపు. ఆ కాగితం చూపిస్తేనే ఈ మేస్త్రీ పనికి ఒప్పుకున్నాడు. మా సర్వీస్ వైరు కొమ్మల్లోంచి పోతోంది కాబట్టి లైన్‌మన్ వచ్చి కరెంటు తీసేదాకా నిచ్చెన కూడా వేయలేదు. గాలి ఉన్నా, మాను తడిగా ఉన్నా ఎక్కరు. ఏప్రిల్, మే గాలివానల్లో చెట్టు ఒరిగాక ఫోన్ చేస్తే వాళ్లకు తీరిక దొరకదు. మట్టి ఉబ్బినట్టు కనిపిస్తే అప్పటిదాకా ఆగకుండా వెంటనే పిలవండి.