పర్లాకిమిడి నుంచి విశాఖ జన్యు సలహా కేంద్రానికి వెళ్లివచ్చాక

మా చెల్లెలి కొడుక్కి ఐదేళ్లు. నేల మీద కూర్చున్నవాడు లేవాలంటే ముందు బోర్లా తిరిగి, చేతులు మోకాళ్లకు ఆనించి, తన తొడలనే పట్టుకుని మెల్లగా పైకి ఎగబాకుతాడు. పిక్కలు మాత్రం గట్టిగా ఉబ్బి ఉండడంతో మనవడు పహిల్వాను అవుతాడని మా అమ్మ పర్లాకిమిడిలో మా వీధంతా చెప్పుకుంది. కండ చచ్చిన చోట కొవ్వు, నారపోగులు చేరడం వల్ల పిక్కలు అలా ఉబ్బాయని బరంపురంలో సి.పి.కె. అనే, కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్త పరీక్ష చేయించినప్పుడు గాని మాకు తెలియలేదు. డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే కండరాలు క్రమంగా క్షీణించే జన్యు జబ్బు అని అనుమానం రాసి, జన్యు పరీక్ష చేయించమన్నారు.

ఆ పరీక్షకు రక్తం మా ఊళ్లోనే ఒక సేకరణ కేంద్రంలో ఇచ్చాం. ఊదా మూత గొట్టంలో తీయవలసిన రక్తాన్ని వాళ్లు ఎర్ర మూత గొట్టంలో తీసి పంపారు. అది పనికిరాదన్న కబురు వచ్చేసరికి మూడు వారాలు గడిచిపోయాయి. రెండోసారి పంపితే, డిస్ట్రోఫిన్ అనే కండర ప్రోటీను జన్యువులోని 79 ఎక్సాన్లలో (సంకేతం ఉండే ముక్కల్లో) 45 నుంచి 50 వరకు లేవని నివేదిక వచ్చింది. ఈలోగా పిల్లవాడి తండ్రి, మా బావ, ఈ జబ్బుకు ఎలెవిడిస్ అనే అమెరికా జన్యు మందు ఉందని విని, ఇల్లూ పొలమూ అమ్మి అయినా అది వేయిస్తానని పట్టుబట్టాడు. ఆ సంగతి తేల్చుకోవడానికే గుణుపురం నుంచి వచ్చే బండెక్కి విశాఖ వెళ్లాం.

కేంద్రం గురించి ముందు చెడ్డ మాట చెప్పేస్తాను. కండరాల జబ్బున్న పిల్లలు వచ్చే చోటు మొదటి అంతస్తులో ఉంది, మేము వెళ్లిన రోజు లిఫ్టు పనిచేయలేదు. పిల్లవాణ్ణి నేనే ఎత్తుకుని మెట్లెక్కాను. పైన రెండు గంటలు కూర్చోబెట్టారు.

లోపల మాతో మాట్లాడిన సలహాదారు మాత్రం గంటకు పైగా సమయం ఇచ్చారు, అదీ తెలుగులో. అంతవరకు ఇంగ్లీషు, ఒడియా కాగితాలు పట్టుకుని తిరిగిన మా అమ్మకు అదే సగం వైద్యం. మా చెల్లెలిది మేనరికం. అందువల్లే ఇలా జరిగిందని చుట్టాలందరూ తీర్పు చెప్పేశారు. ఆవిడ వంశవృక్షం గీసి, "మామ్మగారూ, మేనరికానికీ ఈ జబ్బుకీ సంబంధం లేదండి" అన్నారు. లోపమున్నది ఎక్స్ క్రోమోజోమ్ మీద, మగబిడ్డకు తండ్రి ఇచ్చేది వై కాబట్టి, బావ ఎవరి కొడుకైనా ఫలితం మారేది కాదు. మూడింట ఒక వంతు పిల్లల్లో ఈ లోపం తల్లిలో లేకుండా కొత్తగానే పుడుతుందట. మా చెల్లెలు మాత్రం వాహకురాలేనని, అంటే ఆ లోపాన్ని మోస్తోందని పరీక్షలో తేలింది. వాహకులకు గుండె కండరం కూడా బలహీనపడవచ్చని తనకు గుండె పరీక్షలు రాసిచ్చారు.

ఇక మందు సంగతి. ఆవిడ ఒక కాగితం మీద 24 పూసల దండ గీశారు. డిస్ట్రోఫిన్ మధ్య భాగం అలాంటిదట; కండరం ముడుచుకుని సాగిన ప్రతిసారీ కణం పొర చిరిగిపోకుండా కాపాడేది ఆ ప్రోటీనే. దాన్ని తయారుచేసే సంకేతం 11 వేల అక్షరాలకు పైమాటే, కాగా దాన్ని కణంలోకి మోసుకెళ్లే ఎ.ఎ.వి. అనే చిన్న వైరస్‌లో పట్టేది సుమారు 4,700. అందుకని మొదటి మూడు పూసలు, చివరి పూస ఉంచి, మధ్యలోని 20 పూసలను కొట్టివేశారు. మిగిలిన ఆ పొట్టి ప్రోటీనే మైక్రోడిస్ట్రోఫిన్; ఎలెవిడిస్ మోసుకెళ్లేది దాని సంకేతాన్నే. ఇంత కోసేస్తే పనిచేస్తుందా అని నేను అడిగితే, సంకేతంలో 46 శాతం లేకపోయినా 61 ఏళ్ల వయసులో నడవగలిగిన ఒక రోగి గురించి 1990లో వెలువడిన నివేదికే ఈ ఆలోచనకు ఊతమిచ్చిందని చెప్పారు.

ఆశ పెట్టడం అంతటితో ఆపి, మిగతాది ఉన్నదున్నట్టు చెప్పినందుకే ఈ కేంద్రానికి నేను మంచి మార్కులు వేస్తాను. అమెరికాలో 2023 జూన్‌లో నాలుగైదేళ్ల పిల్లలకు అనుమతి వచ్చింది. అదే ఏడాది వెలువడిన 125 మంది పిల్లల అధ్యయనంలో, చలన సామర్థ్యపు ప్రధాన కొలమానంలో ఉత్తుత్తి మందు తీసుకున్నవారికీ అసలు మందు తీసుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా రుజువు కాలేదు. నేల మీది నుంచి లేచే సమయం వంటి కొన్ని కొలతల్లో మాత్రం మెరుగు కనిపించింది. ఆ మాట వినగానే మా బావ కొడుకు వైపు చూశాడు. తరువాత అనుమతిని పెద్దవారికీ, నడవలేనివారికీ విస్తరించారు. 2025లో నడవలేని స్థితిలో మందు తీసుకున్న ఇద్దరు కాలేయం విఫలమై చనిపోయారు. ఆ ఏడాది నవంబరులో, నడవగలిగిన నాలుగేళ్లు దాటినవారికే మందును పరిమితం చేసి, కాలేయం గురించి గట్టి హెచ్చరికను జతచేశారు. పైగా ఒకసారి ఎక్కించాక శరీరం ఆ వైరస్ మీద ప్రతిరక్షకాలు పెంచుకుంటుంది కనుక రెండో మోతాదుకు దారి లేదు. ధర 32 లక్షల డాలర్లు, అంటే పాతిక కోట్లకు పైమాటే. మా పొలం అమ్మితే అందులో వెయ్యో వంతు వస్తుందేమో.

బావ చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. తరువాత స్టెరాయిడ్ మాత్ర మోతాదు బరువును బట్టి ఎలా మారుతుందో, రాత్రిపూట మడమల పట్టీ ఎందుకు కట్టాలో నిదానంగా వివరించారు. అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద హైదరాబాదు కేంద్రంలో పేరు నమోదు చేయించుకోమని కూడా సూచించారు. ఇవన్నీ తెలుగులో రాసి ఇవ్వకపోవడం ఒక్కటే లోటు. కాగితం మళ్లీ ఇంగ్లీషులోనే ఇచ్చారు, ఇంటికొచ్చాక నేను నోటుబుక్కులో తిరగరాసుకోవలసి వచ్చింది.

మా చిన్న చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం కనుక తనకూ వాహక పరీక్ష చేయించడం మంచిదన్నారు. ఈసారి మా ఊళ్లో ఇవ్వలేదు. పోయిన వారం తనను విశాఖే తీసుకెళ్లి అక్కడే రక్తం ఇప్పించాను. సూది గుచ్చకముందే గొట్టం చేతిలోకి తీసుకుని మూత రంగు చూశాను. ఊదా రంగే.