అమ్మకానికి సింగారించిన వాకిలి: రెండున్నరేళ్ళు మేమే వాడుకున్నాక

2023 మే నెలలో, బెంగళూరు రామమూర్తినగర్‌లోని మా 30-40 అడుగుల సైటు ఇల్లు అమ్మకానికి పెడుతూ, ముందు వాకిలి బాగు చేయించాం. తలుపుకు పాలిష్, కొత్త మెట్లు, లైటు, గేటుకు రంగు, వేలిముద్ర తాళం అన్నీ కలిపి 62 వేలయింది. ఇల్లు మాత్రం 2025 నవంబర్‌కు గానీ అమ్ముడుపోలేదు. మొదట ధర కుదరలేదు. 2024 అక్టోబర్‌లో రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా (ఆస్తి ఎవరిదో చూపే ఆన్‌లైన్ రికార్డు) తప్పనిసరి చేశారు. చూస్తే పాత పత్రాల్లో మామయ్య పేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు! అది సరిచేసుకునేసరికి ఏడాది గడిచింది. ఎవరికోసమో చేయించిన వాకిట్లో మూడు వానాకాలాలు మేమే గడిపాం కాబట్టి ఏది నిలిచిందో, ఏది పోయిందో చెప్పగలను.

తలుపు టేకుది, తూర్పు ముఖం. అంతకుముందు దానికున్నది మెలమైన్ పాలిష్. అది ఇంటి లోపలి చెక్కకు పనికొస్తుంది గానీ ఎండావానా తగిలే వాకిలికి కాదు. అక్కడక్కడా తెల్లబారి పొరలు లేచింది. ఈసారి ఎండావానకు తట్టుకునే బయటి రకం పీయూ (పాలీయురెథేన్) పాలిష్ వేయించాం. చదరపు అడుగుకు 280 చొప్పున, రెండు వైపులా, ద్వారబంధంతో కలిపి 18,200. పాతదంతా ఉప్పుకాగితంతో గీకి, సీలర్ పట్టించి, మూడు చేతులు వేశారు. మొదటి ఏడాది పొద్దుటి ఎండలో ఆ టేకు జీరలు చూస్తుంటే, ఈ ఇల్లు ఎందుకు అమ్ముతున్నామా అనిపించేది. రెండో ఏడాది ఐప్పసి వానలు (ఇక్కడి తమిళులు అక్టోబర్ వానల్ని అట్లనే అంటారు) తూర్పు నుంచి ఏటవాలుగా కొట్టాయి. మా సజ్జ రెండడుగులే. తలుపు కింది మూరెడు మేర మెరుపు పోయింది, పైన ఇప్పటికీ బాగుంది.

అసలు తప్పు వేరే చోట జరిగింది. ఆ వానల్లో తలుపు ఉబ్బి నేలకు రాసుకోవడం మొదలైంది. వడ్రంగిని పిలిపిస్తే తలుపు ఊడదీసి, కింది అంచు తిప్పి చూపించాడు. పచ్చి చెక్క! ముందూ వెనకా అద్దంలా పాలిష్ కొట్టినవాళ్ళు పై అంచునూ కింది అంచునూ వదిలేశారు. తేమ అక్కడి నుంచే పీల్చుకుంది. చిత్రిక పట్టి, అంచులకు సీలర్ వేయడానికి ఇంకో 1,500. మీరు చేయిస్తే తలుపు ఊడదీసి వేయించండి, పక్కన నిలబడి చూడండి.

ఇక గడప సంగతి. పాలిష్ పనికి వచ్చిన మదనపల్లె పిల్లోడు వెళ్తూ వెళ్తూ, "గడప మీద నీళ్ళు పోయొద్దక్కా, రుద్దొద్దు, మెరుపు పోతాది" అన్నాడు. మా అత్తమ్మ లోపలి నుంచే, "శుక్కురారం గడపకు పసుపు లేకుంటే ఎట్ల నాయనా? అది ఇల్లా, ఆఫీసా?" అంది. గెలిచింది అత్తమ్మే. నేను భయపడినట్టు పసుపు మరకలేమీ నిలవలేదు. ఎండ తగిలితే పసుపు రంగు దానంతటదే వెలిసిపోతుంది. పాడుచేసింది వారంవారం కొబ్బరిపీచుతో తోమడం. ఏడాదిన్నరకు గడప నడిమధ్య పాలిష్ లేదు, రెండు చివర్లలో ఉంది. మళ్ళీ చేయిస్తే గడపకు పాలిష్ డబ్బులివ్వను.

మెట్లకు పెట్టిన డబ్బు మాత్రం ప్రతి రూపాయీ దక్కింది. పాత మెట్లు నున్నటి నల్ల గ్రానైట్, తడిస్తే సబ్బుబిళ్ళే. వాటి స్థానంలో మంట పట్టించి గరుకు చేసిన సాదరహళ్ళి బూడిదరంగు రాయి వేయించాం. వానలోనూ కాలు జారదు, ముగ్గు చక్కగా పట్టుకుంటుంది. ఒకటే లోపం, పాలిష్ లేని రాయి నూనె తాగుతుంది. మొదటి కార్తీకంలో దీపాలు పెట్టిన మూడు చోట్ల గుండ్రటి మచ్చలు అట్లనే ఉన్నాయి. తర్వాత ప్రమిదల కింద తమలపాకులు పెట్టాం.

లైటు విషయం ఒక్క ముక్కలో: 6500 కెల్విన్ తెల్ల బల్బు తీసి, పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్‌ది పెడితే టేకు టేకులా కనిపించింది. గేటుకు రెడాక్సైడ్ మీద నల్ల ఎనామెల్ బాగానే ఉంది గానీ, వాకిలి కడిగిన నీళ్ళు తగిలే కింది అతుకుల దగ్గర తుప్పు మళ్ళీ వచ్చింది.

వేలిముద్ర తాళం మా ఆయన ముచ్చట, 14 వేలు. అరిగిపోయిన అత్తమ్మ వేళ్ళను అది ఒక్కరోజూ గుర్తుపట్టలేదు. ఒక ఆదివారం తిరుపతి నుంచి రాత్రి పదకొండింటికి దిగితే బ్యాటరీలు అయిపోయి ఉన్నాయి. కింద 9 వోల్టుల బ్యాటరీ ఆనిస్తే తెరుచుకుంటుందట. మామూలు తాళంచెవీ ఉంది, ఇంటి లోపల బీరువాలో. పక్కింటివాళ్ళ పాత రేడియోలోని బ్యాటరీ పెట్టి లోపలికెళ్ళాం.

కొన్నవాళ్ళు నెల్లూరు వాళ్ళు, వానపడే సాయంత్రం వచ్చారు. తలుపును చూసి "బాగుంది" అని ఒక మాట అన్నారు. వాళ్ళ నాన్నగారు మాత్రం చెప్పులు విడిచి తడి మెట్టు మీద పాదం రెండుసార్లు అటూ ఇటూ రాసి చూసుకుని, అప్పుడు పైకి ఎక్కారు. ఇప్పుడు వాస్తు ప్రకారం ద్వారాన్ని మూడడుగులు ఈశాన్యానికి జరుపుతున్నారట, కొత్త తలుపు కూడా పెడతారట. మెట్లను మాత్రం పక్కకు పొడిగిస్తారు. తీసేసే గడప చెక్క మనకిస్తారేమో అడగమని అత్తమ్మ రోజూ అంటోంది. నేనింకా ఫోన్ చేయలేదు.