రామ్ చేపల కోసం కూకట్‌పల్లిలో ఒక హోమ్ బ్రీడర్: నా రివ్యూ

హైదరాబాద్‌లో రామ్ చేపలు (అక్వేరియంలో పెంచుకునే చిన్న రంగుల చేపలు) కావాలంటే షాపుకి కాదు, ఇంట్లో పెంచేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. కూకట్‌పల్లి వైపు మేడ మీద గదిలో డ్వార్ఫ్ సిక్లిడ్‌లు (రామ్ లాంటి, సిక్లిడ్ కుటుంబంలోని చిన్న చేపలు) మాత్రమే పెంచే ఒకన్న దగ్గర జర్మన్ బ్లూ రామ్ జత తీసుకున్నాను.

ఫోన్ చేస్తే ముందు రేటు చెప్పలేదు. ట్యాంక్ ఎన్ని అడుగులు, సైకిల్ (చేపల వ్యర్థాలని శుద్ధి చేసే బ్యాక్టీరియా ట్యాంక్‌లో స్థిరపడడం) పూర్తయిందా, బోరు నీళ్ళా మున్సిపల్ నీళ్ళా, టీడీఎస్ (నీళ్ళలో కరిగున్న లవణాల మొత్తం) ఎంత, హీటర్ ఉందా అని వరసగా అడిగారు. ఇవి అడగకుండా రామ్ అమ్మేవాళ్ళని నేను నమ్మను. ఈ చేప వెనిజులా, కొలంబియాల్లో ఒరినోకో నది పరివాహకంలోది, అక్కడి నీళ్ళు చాలా మెత్తన (లవణాలు తక్కువ), కాస్త ఆమ్లగుణం, పైగా వెచ్చన. మన బోరు నీళ్ళు దానికి పూర్తిగా ఉల్టా. అందుకే ఆయన మున్సిపల్ నీళ్ళలో సగం ఆర్‌ఓ కలిపి, ఎండిన బాదం ఆకులు వేసి పెంచుతారు, మనం కూడా ఇంట్లో సులువుగా చేసుకోగలిగిన నీళ్ళు కాబట్టి చేపకి షాక్ ఉండదు. 28 డిగ్రీలు తగ్గనివ్వద్దన్నారు, డిసెంబర్ రాత్రుల్లో హీటర్ లేకుండా అది కుదరదు.

అంతకుముందు ఒక షాపులో కొన్న రామ్‌లు చూడ్డానికి మెరిసిపోయేవి. కొన్ని వారాల్లోనే రంగు వెలిసిపోయి, పొట్టలు లోపలికి పోయి, తిండి మానేశాయి. రంగు కోసం హార్మోన్ పెట్టిన చేపలు మార్కెట్‌లో ఉంటాయి, చిన్న పిల్లకే పెద్ద చేపంత రంగుంటే అనుమానించండి.

ఇక్కడైతే నా ఎదురుగానే మేత వేసి చూపించారు. ఆడదాని పొట్ట గులాబీ రంగులో ఉంటుందని, ఒంటి పక్కనున్న నల్ల మచ్చలో నీలం చుక్కలు మెరుస్తాయని దగ్గరుండి చెప్పి, వాటంతటవే కలిసి తిరుగుతున్న జతనే పట్టిచ్చారు. మా రెండడుగుల ట్యాంక్‌లో చదునైన రాయి మీద గుడ్లు పెట్టాయి, మొదటిసారి తినేశాయి, కొత్త జతలు అలా చేయడం మామూలే. రెండోసారి మాత్రం రెండూ వంతులేసుకుని కాపలా కాశాయి, ఆ దృశ్యం కోసం ఎంత కష్టమైనా పడొచ్చు అనిపించింది!

రేటు షాపు కంటే ఎక్కువే, కొరియర్ లేదు, ఎండాకాలం థర్మకోల్ బాక్స్ మనమే పట్టుకెళ్ళాలి. అపిస్టోగ్రామాలు (ఇంకో రకం డ్వార్ఫ్ సిక్లిడ్‌లు) ఎప్పుడో గానీ ఉండవు, ఉన్నా ఆడవి దొరకడం కష్టం, మగది ఒక్కటే ఇమ్మంటే ఇవ్వరు.

బోరు నీళ్ళు తప్ప వేరే దారి లేదనేవాళ్ళకి రామ్ అమ్మకుండా క్రిబెన్సిస్ తీసుకోమంటారు. అది పశ్చిమ ఆఫ్రికా చేప, గట్టి నీళ్ళని రామ్ కంటే బాగా తట్టుకుంటుంది, ఒక చిన్న కుండపెంకు బోర్లించి పెడితే దాని కిందే కాపురం పెట్టేస్తుంది.