కాలు ఆనే స్టూలే కౌంటరుకు తగిన స్టూలు: మూడు రకాల మీద సమీక్ష

హైదరాబాద్‌లో కొత్తగా కడుతున్న ఫ్లాట్లలో వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీసేసి, అక్కడ గ్రానైట్ బండతో బ్రేక్‌ఫాస్ట్ కౌంటరు పెట్టడం బాగా అలవాటైంది. ఆ బండ రంగు కోసం నాలుగు దుకాణాలు తిరిగేవారు కూడా, దాని ముందు వేసుకునే స్టూళ్లను ఫోన్‌లో బొమ్మ చూసి తెప్పించేస్తున్నారు. రోజూ పొద్దున్నే ఇంటిల్లిపాదీ కూర్చునే ఆసనానికి అంతకంటే ఎక్కువ శ్రద్ధ అవసరమన్నది నా గట్టి అభిప్రాయం. ఇక్కడ మూడు రకాల గురించి రాస్తున్నాను. మేము ఫ్లాట్ కొన్నప్పుడే అందులో ఉన్న, మీట నొక్కితే సీటు పైకీ కిందికీ కదిలే గ్యాస్ లిఫ్ట్ స్టూలు మొదటిది, విశాఖపట్నంలో మా చెల్లెలి ఇంట్లో వాడుతున్న ఇనుప రేకు స్టూలు రెండోది, వడ్రంగి చేత చేయించుకొని ఇప్పుడు మేము వాడుతున్న టేకు స్టూలు మూడోది.

ముందుగా కొలతలు చెప్పాలి. కౌంటరు పైభాగానికీ స్టూలు సీటుకూ మధ్య 10 నుంచి 12 అంగుళాల తేడా ఉండాలి. మాది 36 అంగుళాల కౌంటరు కాబట్టి 25 అంగుళాల సీటు సరిగ్గా సరిపోయింది. 42 అంగుళాల ఎత్తైన బార్ కౌంటరుకైతే 30 అంగుళాల సీటు కావాలి. చేత్తో తినే మనకు ఈ తేడా మరింత ముఖ్యం. సీటు బాగా కిందికి ఉంటే మోచెయ్యి భుజం దాకా లేస్తుంది, ఇడ్లీ నంజుకున్న సాంబారు మణికట్టు మీదుగా జారుతుంది. సీటు మరీ పైకి ఉంటే తొడలు బండ అడుగుభాగానికి తగులుతాయి, పళ్లెం మీదికి నడుము వంచి తినాల్సి వస్తుంది. పాత ఇళ్లలో వంటగట్టు 32 లేదా 34 అంగుళాలే ఉండడం మామూలు. దానినే ముందుకు పొడిగించి కౌంటరు చేసుకున్నవారికి బజారులో దొరికే 25, 26 అంగుళాల స్టూళ్లు పనికిరావు. వారు 22, 23 అంగుళాల సీటు చేయించుకోవడం తప్ప మరో దారి లేదు.

ఎత్తు కుదిరిందని తృప్తి పడే చాలామంది పాదాలు ఆనించుకునే కాలి కడ్డీ సంగతి చూడరు. ఆ స్టూలు మీద పది నిమిషాలకు మించి కూర్చోగలరా లేదా అన్నది నిజానికి తేల్చేది ఆ కడ్డీయే. పాదం దేనికీ ఆనకుండా వేలాడితే కాలి బరువంతా తొడ అడుగున, మోకాలి వెనుక సీటు అంచు మీద పడుతుంది. అక్కడ నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోయి కాసేపటికే తిమ్మిరెక్కుతుంది. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. ఆ ఎత్తువారికి మోకాలి వెనుక నుంచి అరికాలి దాకా 15, 16 అంగుళాలకు మించి ఉండదు. కడ్డీ సీటుకు 18 అంగుళాల కింద బిగించి ఉంటే, పొడుగాటివారికి హాయిగానే ఉంటుంది గానీ మా అమ్మలాంటివారికి కాలివేళ్లు మాత్రమే అందుతాయి. అందుకే స్టూలు కొనేటప్పుడు టేపుతో సీటు నుంచి కడ్డీ దాకా కొలవమని, ఆ తర్వాతే మిగతావి చూడమని అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను.

గ్యాస్ లిఫ్ట్ స్టూలుకు ఒక సుగుణం ఉంది. మా దానిలో కాలి కడ్డీ సీటుతో పాటే పైకీ కిందికీ కదులుతుంది కనుక, ఎంత ఎత్తులో పెట్టుకున్నా పాదానికి దూరం మారదు. పొట్టివారూ పొడుగువారూ ఒకే స్టూలును వాడుకోవచ్చు. అయితే గుండ్రంగా తిరిగే సీటు ఎక్కేటప్పుడు నిలకడగా ఉండదు. చీర కట్టుకున్నవారు ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకొని, మరో చేత్తో బండను పట్టుకొని ఎక్కబోతే సీటు పక్కకు తిరిగిపోతుంది. పెద్దవారున్న ఇంటికి నేను దీన్ని సిఫారసు చేయలేను. స్టూలు అడుగున నేలకు ఆనే క్రోమ్ పళ్లెం అంచు కిందికి తడిగుడ్డ నీళ్లు చేరి, కొన్నాళ్లకు అక్కడ తుప్పు గీత పడుతుంది, అది టైల్ మీద మరకగా దిగుతుంది. రెగ్జిన్ సీటు పసుపు, నూనె మరకలను తుడవగానే వదిలేస్తుంది గానీ, కుట్టు దగ్గర పగలడం మొదలైతే ఆగదు. ఈ రకమే కావాలనుకునేవారు కుట్టు తక్కువగా ఉన్న సీటు చూసుకోవాలి.

ఇనుప రేకు స్టూలు కాఫీ హోటళ్లలో అందరూ చూసినదే. 1930లలో ఫ్రాన్స్‌లో గ్జావియే పోషార్ రూపొందించిన టోలిక్స్ కుర్చీల బాణీలో ఉంటుంది, ఇప్పుడు దాని నకళ్లు అంతటా దొరుకుతున్నాయి. తేలిక, చవక, ఒకదానిమీద ఒకటి పేర్చుకోవచ్చు, సీటు మధ్యలోని రంధ్రంలో వేలు పెట్టి ఎత్తేయవచ్చు. పావుగంటలో టిఫిను ముగించి లేచేవారికి చాలు. వెనుక ఆనుకోవడానికి ఏమీ లేదు, రేకు గట్టిగా ఉంటుంది, ఏసీ గదిలో చల్లగా తగులుతుంది. విశాఖ ఉప్పుగాలికి దీని పౌడర్ కోటింగ్ (పైనున్న రంగు పొర) గీత పడిన చోటల్లా తుప్పు పూస్తోంది. తీరప్రాంతంలో ఉండేవారు ఇనుము జోలికి పోకపోవడమే మేలు, లోహమే కావాలంటే ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడిగి తీసుకోవాలి.

మా టేకు స్టూలు గురించి కాస్త వివరంగా చెప్పాలి. సీటు 16 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల లోతు. మధ్యలో కొద్దిగా పల్లంగా చెక్కించాము, ముందు అంచును గుండ్రంగా నున్నగా తీయించాము. ఒక కాలు మడిచి సీటు మీద పెట్టుకొని కూర్చునే అలవాటున్నవారికి కూడా ఈ వెడల్పు సరిపోతోంది. వెనుక వీపుపట్టీ సీటుకు 8 అంగుళాల పైకి మాత్రమే ఉంటుంది. నడుముకు ఊతం దొరుకుతుంది, పని అయ్యాక స్టూలును లోపలికి తోస్తే పట్టీ బండ అడుగుకు తగలకుండా దూరిపోతుంది, నడిచే దారికి అడ్డుండదు. ముందు కాలి కడ్డీని నేలకు తొమ్మిదిన్నర అంగుళాల పైన పెట్టించాము, అంటే సీటుకు సరిగ్గా పదిహేనున్నర అంగుళాల కింద. పాదాల రాపిడికి పాలిష్ పోకుండా దానిమీద స్టీలు పట్టీ బిగించారు. పక్క కడ్డీలను ముందుదాని కంటే పైకి పెడతానని వడ్రంగే చెప్పాడు. రెండు కడ్డీలూ కాలులో ఒకే చోట దూరితే ఆ చోట చెక్క బలహీనపడి, కొన్నాళ్లకు స్టూలు ఊగుతుందట. ఆ మాటలోని పనితనం నాకెంతో నచ్చింది. ఇప్పటికీ ఏ కీలూ వదులవలేదు. ఉదయం పెసరట్టు తినడానికే కాక, సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అరగంట కూర్చున్నా కాళ్లు లాగవు. లోపమంటే బరువు ఒక్కటే. జరపాలంటే ఎత్తాలి, చిన్నపిల్లల వల్ల కాదు. ఒక్కోదానికి రూ. 7,200 అయింది, రెండు వారాలకు పైగా ఆగాల్సి వచ్చింది. ఆ ధర పెట్టగలిగితే ఇంతకంటే మంచి స్టూలు నేనైతే చెప్పలేను.

అంత ఆగలేనివారు హైటెక్ సిటీలో 2018లో తెరిచిన ఐకియాకు వెళ్లి చూడవచ్చు. అక్కడి ఫ్రాంక్లిన్ అనే మడత స్టూలు సీటు 63 సెంటీమీటర్లు, అంటే దాదాపు 25 అంగుళాలు. 36 అంగుళాల కౌంటరుకు కుదురుతుంది, వాడనప్పుడు మడిచి గోడకు ఆనించవచ్చు. చెక్కవే కావాలంటే నాంపల్లి ఫర్నిచర్ దుకాణాలు ఉండనే ఉన్నాయి. ఎక్కడ కొన్నా చెప్పులు విప్పి కూర్చొని చూడాలి, ఇంట్లో మనం కూర్చునేది వట్టి కాళ్లతోనే కదా.

స్టూళ్ల సంఖ్య విషయంలో కక్కుర్తి పడకూడదు. మనిషికి 24 అంగుళాల చోటు కావాలి. ఆరడుగుల కౌంటరుకు మూడే వేయాలి, నాలుగోది ఇరికిస్తే ఒకరి మోచెయ్యి మరొకరి పళ్లెంలోకి వస్తుంది. బండ కనీసం 12 అంగుళాలు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటేనే మోకాళ్లకు చోటు దొరుకుతుంది. స్టూలు కాళ్ల కింద ఫెల్టు (దళసరి ఉన్ని గుడ్డ) ముక్కలు అతికించవద్దు, రోజూ తడిగుడ్డ పెట్టే నేల మీద అవి నీళ్లు పీల్చి మురికి పట్టేస్తాయి. రబ్బరు బుష్‌లు వేయించి, అరిగినప్పుడు మార్చుకుంటే నేల గీతలు పడదు, స్టూలు చప్పుడు చేయదు.