గోల్ తేడా గడి: పర్లాకిమిడి టీ హోటల్‌లో ఒక ప్రీమియర్ లీగ్ సీజన్

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ చూడాలనుకునేవారు ఇంట్లో ఫోను పట్టుకుని ఒంటరిగానైనా కూర్చోవాలి, లేదా రాజుగారి కోటకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక టీ హోటల్‌కైనా వెళ్లాలి. 2024 ఆగస్టు 16న మాంచెస్టర్ యునైటెడ్, ఫుల్‌హామ్ జట్ల మ్యాచ్‌తో మొదలై 2025 మే 25న ముగిసిన సీజన్‌ను నేను వీలైనంతవరకు ఆ హోటల్‌లోనే చూశాను. హోటల్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఉన్న ఇరవై నాలుగు కుర్చీలకే జనం ఎక్కువవుతున్నారని, పేరు బయటపెట్టవద్దని యజమాని ముందే కోరారు. ఊళ్లోవారికి చెప్పనక్కరలేదు, బయటివారు ఎవరిని అడిగినా దారి చూపిస్తారు.

పెద్ద జట్లు తలపడే రోజున టీవీ ఉన్న ఏ హోటలైనా నిండుతుంది. ఇరవై జట్లు, జట్టుకు 38 చొప్పున మొత్తం 380 మ్యాచ్‌లు ఆడే పోటీలో అలాంటి రోజులు ఎన్నని ఉంటాయి? ఎవరికీ పట్టని మ్యాచ్ నడుస్తున్నప్పుడు హోటల్ ఎలా ఉంటుందన్నదే నా కొలమానం, ఈ సమీక్ష రాయడానికి కారణం కూడా అదే.

గది చిన్నది. గోడకు 43 అంగుళాల టీవీ, దాని ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు, వెనుక వరుసవారికి స్తంభం అడ్డు. కుడివైపు గోల్‌పోస్టు దగ్గర ఏం జరిగినా ఆ స్తంభం వెనుక కూర్చున్నవారికి ముందు వరుసల కేకలను బట్టి తెలియవలసిందే. అల్లం టీ గ్లాసు 10 రూపాయలు, బరా గుగుని (గారెలు, బఠాణీ కూర) ప్లేటు 30 రూపాయలు. ఎండు బఠాణీల గుగునిలో పచ్చి ఉల్లిపాయ తరుగు ధారాళంగా వేస్తారు, అయితే తొమ్మిది దాటాక బరాలు చల్లారి గట్టిపడతాయి కనుక తినదలచినవారు ముందే తినడం మంచిది. మిరపకాయ బజ్జీల గురించి రాయడానికేమీ లేదు. మ్యాచ్ చూసినందుకు విడిగా రుసుము లేదు, కానీ ఒక్క టీతో రెండు గంటలు కూర్చునేవారి మీద యజమాని చూపు పడుతూ ఉంటుంది.

ఈ హోటల్‌కు అసలైన ఆకర్షణ గల్లాపెట్టె వెనుక గోడకున్న నల్లబల్ల. ఒకప్పుడు దాని మీద ఆ రోజు టిఫిన్ల ధరలు రాసేవారట. ఇప్పుడు ఇరవై జట్ల పేర్లు, ఆడినవి, గెలిచినవి, డ్రా, ఓడినవి, పాయింట్లు అన్న గడులు సుద్దతో గీసి ఉంటాయి, పదిహేడో పేరు కింద ఎర్ర సుద్దతో ఒక అడ్డగీత ఉంటుంది, సీజన్ చివర ఆ గీత కింద ఉన్న జట్లు కింది శ్రేణి లీగ్‌కు దిగిపోతాయి. యజమాని ఉన్నప్పుడు జట్ల పేర్లు తెలుగులో ఉంటాయి, ఆయన ఊరెళ్లిన వారం సహాయకుడు ఒడియాలో రాస్తాడు, అంకెలు మాత్రం ఇద్దరివీ ఒకటే. తెలుగులో రాసేటప్పుడు ఆయన ‘లివర్పూలు’, ‘చెల్సీయా’, ‘నూకాసిలు’ అని రాస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో పలికినట్టే రాయడం తప్పెలా అవుతుందని నేను ఏనాడూ దిద్దలేదు.

ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాను. బల్ల మీద చోటు చాలలేదని ఆయన గోల్ తేడా గడి వదిలేశారు. పాయింట్లు సమానమైన జట్లలో ముందుండేది ఎవరో తేల్చేది వేసిన గోల్స్‌కూ తిన్న గోల్స్‌కూ మధ్య ఉన్న తేడాయే. 2012లో మాంచెస్టర్‌లోని రెండు జట్లూ (యునైటెడ్, సిటీ) 89 పాయింట్లతో సమానంగా ముగిస్తే, గోల్ తేడాతోనే సిటీ విజేత అయిందని ఆయనకు వివరించాను. నవంబరులో అడిగితే జనవరిలో గీశారు. ‘ఓడినవి’ గడిని సన్నం చేసి పక్కన ఇరికించిన ఆ గడిలో రెండంకెల సంఖ్య రాస్తే ప్లస్ గుర్తు గీత మీదకు ఎక్కుతుంది.

వేళల సంగతికి వస్తే, ఇక్కడే హోటల్‌కు నేను మార్కులు తగ్గిస్తున్నాను. ఇంగ్లండ్‌లో వేసవి గడియారం నడిచే నెలల్లో వారికీ మనకూ నాలుగున్నర గంటల తేడా ఉంటుంది కనుక అక్కడి శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్ ఇక్కడ ఏడున్నరకు మొదలవుతుంది. అక్టోబరు చివరి ఆదివారం వారు గడియారాన్ని గంట వెనక్కి తిప్పగానే తేడా ఐదున్నర గంటలై, మార్చి చివరిదాకా ప్రతి మ్యాచ్ మనకు గంట ఆలస్యమవుతుంది. హోటల్ షట్టరు మాత్రం ఏ కాలంలోనైనా రాత్రి పదకొండుకే దిగుతుంది. 2024 అక్టోబరు 27న, అంటే గడియారం మారిన రోజునే, ఆర్సెనల్, లివర్‌పూల్ మ్యాచ్ మనకు పది గంటలకు మొదలైంది. మొదటి సగం ముగిసేసరికి ఆర్సెనల్ రెండు ఒకటితో ముందుంది, అదే లెక్కతో మమ్మల్ని ఇంటికి పంపేశారు. 81వ నిమిషంలో లివర్‌పూల్ ఆటగాడు సలా సమం చేశాడని మర్నాడు ఉదయం టీకి వెళ్లినప్పుడు తెలిసింది. చలికాలంలో ఆదివారం పెద్ద మ్యాచ్ ఈ హోటల్‌లో సగమే దొరుకుతుందని కొత్తగా వచ్చేవారు తెలుసుకోవాలి. అర్ధరాత్రి దాటాక వచ్చే సోమవారం మ్యాచ్‌ల సంగతి సరేసరి.

శనివారం ఏడున్నర మ్యాచ్‌ల్లో మాత్రం మనకొక విచిత్రమైన సౌకర్యం ఉంది. టీవీలో చూపిస్తే జనం చిన్న క్లబ్బుల మైదానాలకు రావడం మానేస్తారన్న భయంతో, శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 వరకు ఫుట్‌బాల్‌ను ప్రత్యక్షంగా ప్రసారం చేయరాదన్న కట్టుబాటు అక్కడ 1960ల నుంచి ఉంది. మ్యాచ్ జరిగే మైదానం పక్కవీధిలో ఇల్లున్నవాడు తన టీవీలో చూడలేని ఆటను మేము మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరిలో బరా గుగుని తింటూ చూస్తాం.

అంతర్జాల సౌకర్యం గురించి ఫిర్యాదు చేయక తప్పదు, అయితే అది హోటల్ తప్పు కాదు, వారు నెలనెలా డబ్బు కట్టే సంస్థది. ఏప్రిల్ 27న టాటెన్‌హామ్‌తో డ్రా చేసుకున్నా లివర్‌పూల్ విజేత అవుతుందన్న రాత్రి కుర్రాళ్లు గుమ్మం దాకా నిలబడ్డారు. పన్నెండో నిమిషంలో సొలాంకే తలతో కొట్టిన గోల్‌తో టాటెన్‌హామ్ ముందుకెళ్లింది, వెంటనే తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తు ప్రత్యక్షమైంది. ఫోను చేస్తే ‘లైను చూస్తున్నాం’ అన్న మాటే వినిపించింది. బొమ్మ తిరిగి వచ్చేసరికి లివర్‌పూల్ రెండు ఒకటితో ఆధిక్యంలో ఉంది, డియాజ్ గోల్‌నూ, మెకాలిస్టర్ దూరం నుంచి కొట్టిన గోల్‌నూ మేము మర్నాడు ముఖ్యాంశాల్లో చూసుకున్నాం. చివరికి అయిదు ఒకటితో గెలిచి లివర్‌పూల్ తన ఇరవయ్యో లీగ్ టైటిల్ అందుకున్నప్పుడు సహాయకుడు అందరికీ ఉచితంగా టీ పోశాడు, ఆ సంగతి యజమానికి ఆలస్యంగా తెలిసింది.

ఇక నా కొలమానం. మే 10న ఏడున్నరకు సౌతాంప్టన్, మాంచెస్టర్ సిటీ మ్యాచ్. ఏడు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే, ఏప్రిల్ 6నే సౌతాంప్టన్ కింది శ్రేణికి దిగిపోవడం ఖాయమైంది, లీగ్ చరిత్రలో అంత తొందరగా దిగిపోయిన జట్టు లేదు. ఐపీఎల్ ముందురోజే ఆగిపోయింది, ఆ సాయంత్రమే భారత్, పాకిస్తాన్ మధ్య కాల్పుల విరమణ ప్రకటన వచ్చింది, కాబట్టి మొదటి అరగంట టీవీలో వార్తలే నడిచాయి, అది సహజం కూడా. ఆ తర్వాత హోటల్‌లో మిగిలింది ఆరుగురం. మరో హోటలైతే టీవీ ఆపేసి కుర్చీలు సర్దేది. మా యజమాని మ్యాచ్ పెట్టి, ఎర్రగీత కింద సౌతాంప్టన్ పక్కనున్న 11ను చూపించి, దాని సంగతేమిటని అడిగారు. 2007-08లో డెర్బీ కౌంటీ సీజన్ మొత్తానికి తెచ్చుకున్నవి కూడా 11 పాయింట్లేనని, లీగ్‌లో అంతకన్నా తక్కువ ఎవరికీ లేవని, ఈ రాత్రి ఒక్క డ్రా చేసుకున్నా సౌతాంప్టన్ ఆ అపఖ్యాతి తప్పించుకుంటుందని చెప్పాను. ఆ తర్వాత ఆ ఆరుగురిలో ఒక్కరూ కదలలేదు. అన్ని దిక్కుల నుంచి దాడి చేస్తున్న సిటీని సౌతాంప్టన్ సున్నా సున్నాతో నిలువరించింది. యజమాని తడిగుడ్డతో 11 తుడిచి 12 రాస్తూ, ‘గీత కింద పడ్డోలు మల్లీ పైకి రారేటి, మాస్టారూ?’ అని అడిగారు. సమాధానంగా అదే గీత కిందనున్న లెస్టర్‌ను చూపించాను. 2014లో పైకి వచ్చి, 2016లో లీగ్ గెలిచి, 2023లో దిగి, 2024లో ఎక్కి, 2025లో మళ్లీ దిగిన జట్టు అది.

మే 25న పది మ్యాచ్‌లూ ఒకేసారి రాత్రి ఎనిమిదిన్నరకు మొదలయ్యాయి. టీవీ ఒక్కటే, అదే సమయంలో ఐపీఎల్‌లో హైదరాబాద్, కోల్‌కతా మ్యాచ్. మనది ఒడిశా అయినా హైదరాబాద్ జట్టును కాదనేవారు ఇక్కడ తక్కువ, అందుకని మొదటి సగం ఫుట్‌బాల్‌ను గల్లాపెట్టె మీద ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌లో చూశాం. క్లాసెన్ 105 పరుగులతో అజేయంగా నిలిచి స్కోరు 278కి చేరాక ఇక ఫలితం తెలిసినట్టేనని క్రికెట్ వర్గం రిమోటు అప్పగించింది.

యూరప్‌లోని మేటి క్లబ్బుల పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌కు వెళ్లే అయిదు స్థానాల్లో మూడింటి కోసం అయిదు జట్లు పోటీలో ఉన్నాయి. ఆట మొదలయ్యేటప్పటికి బల్ల మీద సిటీ 68, న్యూకాజిల్, చెల్సీ, ఆస్టన్ విల్లా 66 చొప్పున, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 65. మేము టీవీలో ఫారెస్ట్, చెల్సీ మ్యాచ్ పెట్టుకుని, మిగతావి ఫోన్లలో చూస్తూ కేకలు వేస్తుంటే యజమాని సుద్ద పట్టుకుని నిలబడ్డారు. 65వ నిమిషంలో ఎవర్టన్ గోల్‌తో న్యూకాజిల్ వెనుకబడింది, మాంచెస్టర్‌లో యునైటెడ్‌తో డ్రాగా సాగుతున్న విల్లాకు 67 రాసి అయిదో వరుసకు ఎక్కించారు. అంతలో విల్లా ఆటగాడు రోజర్స్ బంతిని గోల్‌లోకి పంపినా రిఫరీ అంతకుముందే ఈల వేసేశాడని దాన్ని లెక్కించలేదు. 76వ నిమిషంలో యునైటెడ్ గోల్ వేయడంతో విల్లా తిరిగి 66కు దిగింది. న్యూకాజిల్, విల్లా రెండూ ఓడాయి, రెండింటికీ 66 పాయింట్లే. సుద్ద గాలిలో ఆగిపోయింది.

ఆయన సన్నటి గడి వైపు చూశారు. న్యూకాజిల్‌కు ప్లస్ 21, విల్లాకు ప్లస్ 7. మరేమీ అనకుండా ‘నూకాసిలు’ను అయిదో వరుసలో రాశారు. విల్లాను అభిమానించే కుర్రాడు ఆ గడి గీయించింది ఎవరని అడిగితే అందరూ నన్ను చూపించారు.

ఆ రాత్రి మా నలుగురికి బిల్లు 210 రూపాయలైంది. వచ్చే సీజన్‌కు స్తంభాన్ని ఎలాగూ తీయలేరు కనుక, గల్లాపెట్టె పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు వేయించమని అడిగాను. ఆగస్టులోపు వేయిస్తానన్నారు.