ఒక్క గజం దాటితే: తెలంగాణ ఇంటి పర్మిషన్ పోర్టల్‌పై సమీక్ష

వేగం విషయంలో ఈ సేవను తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. 2020 నవంబరులో ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతులిచ్చే టీఎస్ బీపాస్ మొదలయ్యాక 75 గజాల లోపు స్థలంలో జీ ప్లస్ వన్ వేసుకునేవాళ్లు రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోతోంది. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి పత్రం చేతికొస్తుంది. అంతకు మించినవి, దుకాణాలు, ఆఫీసుల వంటివి సింగిల్ విండోలోకి వెళ్తాయి. వాటికి గడువు 21 రోజులు. 2025లో బిల్డ్‌నౌ పేరుతో కొత్త పోర్టల్ వచ్చింది, ఇందులో డ్రాయింగ్‌ను మొదట చూసేది సాఫ్ట్‌వేరే. పోర్టల్ మారినా దాని వెనకున్న నియమాల పుస్తకం మాత్రం అదే: 2012 ఏప్రిల్ 7న వచ్చిన 168 జీవో, దానిపై తర్వాత పడుతూ వచ్చిన సవరణలు.

అందుకే ఇక్కడ చూస్తున్నది మాటల సంగతి. పోర్టల్ అడిగే ప్లాట్ ఏరియా, ఎత్తు, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ల్యాండ్ యూజ్ అన్నవి బజారులో వాడే అర్థాలతో నడవవు. పాత పద్ధతిలో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఫైలు తిరిగి తిరిగి ఎవరో ఒకరు "ఇది కుదరదు" అని చెప్పేవాళ్లు. ఆ తిప్పటలో లంచాలూ ఆలస్యాలూ ఎన్ని ఉన్నా, తప్పు కాగితం మీద ఉండగానే దొరికేది. స్వీయ ధ్రువీకరణలో అర్థం చెప్పుకునే బాధ్యత యజమానిది. సంతకం కూడా ఆయనదే, తనిఖీ తర్వాత వస్తుంది. తప్పు సమాచారం ఇచ్చి కట్టినట్టు తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం 2020 టీఎస్ బీపాస్ చట్టంలో ఉంది.

ముందు కొలతల దగ్గర మొదలుపెడదాం, ఎక్కువమంది జారిపడేది అక్కడే. మనం మాట్లాడేది గజాల్లో, దస్తావేజుల్లో ఉండేది గజాలూ గుంటలూ. జీవోలోని సెట్‌బ్యాక్ పట్టిక మాత్రం చదరపు మీటర్లలో 50, 100, 200, 300 అని మెట్లుమెట్లుగా సాగుతుంది. గజానికి 0.8361 చదరపు మీటర్లు. 240 గజాలంటే 200 మీటర్లే కదా అని అందరూ అంటారు. లెక్క వేస్తే 200.67. ఆ 0.67తో ప్లాటు 200 నుంచి 300 మీటర్ల మెట్టులోకి ఎక్కేస్తుంది. గుంటల్లో ఇంకా విచిత్రం: గుంట 121 గజాలు, అంటే 101.17 మీటర్లు. రెండు గుంటలు 202.34. ఐదు గుంటలు 505.86, 605 గజాలు. ప్రతి మెట్టునూ కాస్తంత దాటించడానికే గుంటను కనిపెట్టారా అనిపిస్తుంది. ఐదు గుంటల స్థలంలో సొంత ఇల్లే కడుతున్నా సరే, తక్షణ అనుమతి దక్కదు.

మెట్టు మారితే నష్టం ఎంతో ఒక్క ప్లాటు మీద చూడండి. 36 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు, ముందు 30 అడుగుల రోడ్డు, 10 మీటర్ల ఎత్తు ఇల్లు. సరిగ్గా 240 గజాలు. ఇది 200 మీటర్ల లోపు మెట్టులో ఉండి ఉంటే ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదిలితే సరిపోయేది. పై మెట్టులోకి వెళ్లింది కాబట్టి ముందు 2, మిగతా వైపులా 1.5 వదలాలి. మొదటి లెక్కలో అంతస్తుకు సుమారు 142 చదరపు మీటర్లు కట్టుకోవచ్చు, రెండో లెక్కలో 118. తేడా దాదాపు 250 చదరపు అడుగులు, ఒక్కో అంతస్తుకు. మూడు అంతస్తులకు చూస్తే ఓ డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్ ఎగిరిపోయినట్టే. కుటుంబ పంపకాల్లో కొలతలు వేసుకునేటప్పుడు 240కి బదులు 239 గజాలు రాసుకుంటే 199.83తో కింది మెట్టులోనే ఉంటారు. ఈ సంగతి పంపకాల ముందు తెలిస్తేనే లాభం, రిజిస్ట్రేషన్ అయ్యాక కాదు.

అసలు ఈ హెచ్చరిక పోర్టలే ఇవ్వొచ్చు. విస్తీర్ణం కొట్టగానే "మీరు ఫలానా మెట్టులో ఉన్నారు, ఇంత వదలాలి" అని తెలుగులో ఒక్క వాక్యం చూపించడానికి ఎంత కోడింగ్ కావాలి? జీవో అసలు పాఠం ఇంగ్లీషులో ఉంది. దాన్ని చదివి విడమర్చేది లైసెన్సున్న ఇంజినీరే. ఆయన హడావిడిలో ఉంటే ఇక అంతే.

సెట్‌బ్యాక్ అనే మాటకు బజారు అర్థం "గోడకూ ప్రహరీకీ మధ్య ఖాళీ". నియమాల్లో బాల్కనీ అంచు నుంచి ప్రహరీ వరకు ఖాళీగా ఉండాలి. సెట్‌బ్యాక్ మీదికి బాల్కనీ గానీ వరండా గానీ పొడుచుకు రాకూడదు. మేస్త్రీలు గోడ దగ్గర కొలిచి మీటరున్నర ఉందని చూపిస్తారు. మొదటి అంతస్తు స్లాబ్ వేసే రోజున మూడడుగుల బాల్కనీ బయటికి వస్తుంది. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే మొదట దొరికేది ఆ మూడడుగులే. రోడ్డు వెడల్పు కోసం కొంత స్థలం వదలాల్సి వస్తే, ముందు సెట్‌బ్యాక్‌ను పాత ప్రహరీ నుంచి కొలవకూడదు, వదిలిన గీత నుంచి కొలవాలి. మాస్టర్ ప్లాన్‌లో మీ వీధికి ఎంత వెడల్పు రాశారో చూడకుండా పునాది గీతలు వేయించకండి.

ఎత్తు సంగతి. 7 మీటర్లంటే జీ ప్లస్ వన్, 10 అంటే జీ ప్లస్ టూ, స్టిల్ట్ (కింద గోడల్లేని పార్కింగ్ అంతస్తు) వేస్తే పైన మూడు. ఎత్తు కొలిచేది ఆనుకుని ఉన్న రోడ్డు మట్టం నుంచి. ఎగుడుదిగుడు స్థలమైతే సగటు తీసుకుంటారు. వాస్తు కోసమనో, వాన నీళ్లు రాకూడదనో స్థలాన్ని రోడ్డుకన్నా నాలుగడుగులు లేపి, అక్కడి నుంచి 10 మీటర్లు కొలిస్తే కాగితంలో ఒక ఎత్తు, రోడ్డు మీద టేపు పట్టినవాడికి మరో ఎత్తు. స్టిల్ట్ అన్నది కార్లకే. దాన్ని గోడలతో మూసి దుకాణానికి అద్దెకిస్తే అది స్టిల్ట్ కాకుండా పోతుంది, మొత్తం భవనం ఒక అంతస్తు ఎక్కువ కట్టినట్టు అవుతుంది. నీళ్ల ట్యాంకు, లిఫ్ట్ గది టెర్రస్ మీద ఉండొచ్చు. మెట్ల గది పక్కన వంటిల్లు, బాత్రూమ్‌తో కట్టి "పెంట్‌హౌస్" అని అమ్మేది మాత్రం ప్లాన్‌లో లేకపోతే అక్రమ అంతస్తే, దానికి ఎంత ముద్దు పేరు పెట్టినా.

అపార్ట్‌మెంట్ అనే మాట దగ్గర రెండు చట్టాలు రెండు లెక్కలు చెబుతాయి. బిల్డింగ్ నియమాల్లో ఒకే స్థలంలో ఐదు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లు, ఉమ్మడి సదుపాయాలతో ఉంటే అది గ్రూప్ హౌసింగ్. రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలో, చూసేది వేరు: స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లున్నా రిజిస్టర్ చేయాలి. అంటే 450 మీటర్ల స్థలంలో ఆరు ఫ్లాట్లు వేస్తే పర్మిషన్ దగ్గర గ్రూప్ హౌసింగ్, అమ్మకం దగ్గర రెరా నంబరు అక్కర్లేదు. బిల్డర్ రెరా నంబరు చూపించలేదని మోసమనుకునే వాళ్లూ, రెరా లేదు కాబట్టి ఏ నియమమూ లేదనుకునే వాళ్లూ ఇద్దరూ ఇక్కడే పొరబడతారు.

ఇక భూ వినియోగం. ఈ సేవలో అత్యంత బలహీనమైన భాగం ఇదే, డబ్బు పోయేదీ ఇక్కడే. "నాలా కన్వర్షన్ అయిపోయింది సార్" అన్న మాటకు జనం "ఇల్లు కట్టుకోవచ్చు" అని అర్థం చెప్పుకుంటారు. నాలా అంటే 2006 చట్టం కింద రెవెన్యూ రికార్డులో వ్యవసాయ భూమి వ్యవసాయేతరం కావడం, రెవెన్యూ అధికారులు చేసే పని. ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో దానికి సంబంధం లేదు. హైదరాబాద్ విస్తరిత ప్రాంతానికి 2013 జనవరి 24న నోటిఫై అయిన మెట్రోపాలిటన్ మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్లే నాలుగు రకాలు: గ్రోత్ కారిడార్‌ను ఆనుకున్నవి, అర్బన్ నోడ్లు, అర్బన్ సెంటర్లు, గ్రామీణ ఆవాసాలు. ఇవి కాక పెరి అర్బన్, మల్టిపుల్ యూజ్, కమర్షియల్, మాన్యుఫాక్చరింగ్, కన్జర్వేషన్ ఉన్నాయి. కన్జర్వేషన్ అంటే అడవి అనుకుంటారు, నిజానికి అది వ్యవసాయ జోన్. నాలా అయిన స్థలం కన్జర్వేషన్‌లో ఉండొచ్చు, చాలాసార్లు ఉంటుంది కూడా. అప్పుడు కావాల్సింది ల్యాండ్ యూజ్ మార్పిడి. దరఖాస్తు, ముసాయిదా ప్రకటన, అభ్యంతరాలు, చార్జీలు, ప్రభుత్వ ఉత్తర్వు, ఇంత దూరం వెళ్లాలి. అది నెలల పని, వస్తుందన్న హామీ లేదు.

కాబట్టి బయానా ఇచ్చే ముందు సర్వే నంబరు, గ్రామం పేరుతో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) నుంచి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. బ్రోచరులో రంగురంగుల మ్యాపు చూపిస్తే దాన్ని సర్టిఫికెట్‌గా లెక్కేయొద్దు. ఒకే సర్వే నంబరులో సగం నివాస జోన్, సగం మాన్యుఫాక్చరింగ్ పడడం మామూలే. మీ ముక్క ఎటువైపో టీపన్ (సర్వే హద్దుల పటం) మీద చూపించమనండి. నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద ఉందో లేదో వేరే చూసుకోవాలి. జోన్ సరిగ్గా ఉన్నా అందులో ఉంటే అంతే సంగతులు.

నీళ్ల మాటలు 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఇంటింటికీ తెలిశాయి కానీ కలగాపులగంగా తెలిశాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత. బఫర్ ఆ గీత బయట వదలాల్సిన పట్టీ: పది హెక్టార్లు లేదా అంతకన్నా పెద్ద చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలు, శిఖం (చెరువు గర్భంలోని) భూములకు 9 మీటర్లు. నాలా, వాగు పది మీటర్ల కంటే వెడల్పుంటే 9 మీటర్లు, తక్కువైతే 2. ఈ నాలా నీళ్లు పారే నాలా, పైన చెప్పిన నాలా కన్వర్షన్ కాదు. ఒకే ఆఫీసు కారిడార్‌లో ఈ రెండు నాలాలూ ఒకదానికొకటి అడ్డం పడుతుంటాయి. ఎండాకాలంలో చెరువు ఎండిపోయి కనిపిస్తే అది ఎఫ్‌టీఎల్ కాకుండా పోదు. గీత మ్యాపు మీద ఉంటుంది, నీళ్లు ఉన్నా లేకపోయినా.

బిల్డ్‌నౌ డ్రాయింగ్ పరిశీలన గురించి రెండు మాటలు. సాఫ్ట్‌వేర్ మనిషిలా బొమ్మను చూడదు, ఏ గీత ఏ లేయర్‌లో ఉంది, దాని పేరేమిటి అని చదువుతుంది. ప్లాటు హద్దు గీత ఎక్కడైనా కలవకుండా వదిలితే విస్తీర్ణమే రాదు. గదుల పేర్లు కూడా ఆడుకునే విషయం కాదు. జాతీయ బిల్డింగ్ కోడ్ ప్రకారం నివాసగది కనీసం 9.5 చదరపు మీటర్లు, 2.4 మీటర్ల వెడల్పు ఉండాలి. రెండు గదులుంటే రెండోది 7.5కి దిగొచ్చు. వంటగదికి 5 చదరపు మీటర్లు. ఏడడుగుల వెడల్పు గదిని బెడ్‌రూమ్ అని రాయలేక "స్టోర్" అని రాసి గట్టెక్కే అలవాటు ఇంజినీర్లలో ఉంది. ఆ స్టోర్‌లో మంచం వేసుకుంటే అడిగేవాడు ఉండడు కానీ, ఇల్లు అమ్మే రోజున బ్యాంకు వాల్యుయర్ ప్లాన్ తీసుకుని వచ్చి రెండు బెడ్‌రూములే లెక్కేస్తాడు. దస్తావేజులో ఒక విస్తీర్ణం, నేల మీద మరొకటి ఉంటే రెండూ చూపించాలి. ఎక్కువ ఉన్నది రాసుకుంటే లాభమనుకోవద్దు, పైన చెప్పిన మెట్టు లెక్క గుర్తుంచుకోండి.

200 మీటర్లు దాటిన ప్లాటుకు ఇంకో భారం కూడా ఉంది. కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతిచ్చే సంస్థకు నోటరీ అఫిడవిట్‌తో తనఖా పెట్టాలి. 200 మీటర్ల లోపు, 7 మీటర్ల ఎత్తు లోపు సొంత ఇళ్లకు ఇది లేదు. జీ ప్లస్ వన్ కట్టుకునేవాళ్లకు మళ్లీ అదే 240 గజాల 0.67 అడ్డం. తనఖా విడుదలయ్యేది ఇల్లు పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో. ఆ దశలో పక్కల, వెనక సెట్‌బ్యాక్‌లో 10 శాతం లోపు తేడాలను జరిమానాతో వదిలేసే వీలుంది. ముందు సెట్‌బ్యాక్‌కు ఆ వెసులుబాటు లేదు. 1.5 మీటర్ల పక్క సెట్‌బ్యాక్‌లో 10 శాతమంటే 15 సెంటీమీటర్లు, ప్లాస్టరింగ్, టైల్స్ మందంతోనే సగం పోతుంది. అందుకే డ్రాయింగ్‌లో ఎంత రాశారో అంతకన్నా ఆరు అంగుళాలు ఎక్కువ వదిలి పునాది గీయించమని అనుభవమున్న ఇంజినీర్లు చెబుతారు.

వేగానికి ఐదింట నాలుగు మార్కులు. మాటల వివరణకు ఒకటిన్నర, అదీ తప్పైన చోట సాఫ్ట్‌వేర్ ఏ కొలత తగ్గిందో కనీసం అంకెలో చూపిస్తుంది కాబట్టి.